గుడ్డ వెయ్యని రెక్క

సైన్సు మాస్టారు ప్రభువునందు నిద్రించారని సోమవారం పొద్దున మా పాత టీచర్ల గ్రూపులో మెసేజి వచ్చింది. అప్పుడు నేను మిరప కోతల్లో ఉన్నాను. కూలీలకు మంచినీళ్ళిచ్చి, గట్టు మీద కూర్చుని మళ్ళీ చదివాను. ముందు రోజు ఆదివారమే ఆయన ఇంటికి వెళ్ళాల్సింది. ఒళ్ళు అలిసిపోయి, వచ్చే వారం చూద్దాంలే అనుకున్నాను.

పొదిలి దగ్గర హైస్కూల్లో ఇద్దరం పద్దెనిమిదేళ్ళు కలిసి పనిచేశాం. నేను డ్రాయింగు మాస్టర్ని. ఆయనకు తొలినాటి అమెరికా విమానాలంటే ప్రాణం. ఒకదాని మీద ఒకటి రెండేసి రెక్కలుండేవి వాటికి. ఏ పాఠం మొదలుపెట్టినా అక్కడికే వచ్చి వాలేవారు. "ఆ రెక్కలకు తొడిగింది పత్తి గుడ్డేరా! మన చేలల్లో కాసే పత్తే!" అంటుంటే, పొద్దున పత్తి తీసి బడికొచ్చిన పిల్లలు తమ చేతులు చూసుకునేవాళ్ళు.

ఒక ఏడు జిల్లా సైన్సు ఎగ్జిబిషనుకు అలాంటి విమానం బొమ్మ చేద్దామన్నారు. రెక్కల కొలతలు నేను గీశాను, వెదురు బద్దలు ఆయన చెక్కారు. మంగళగిరి గుడ్డ తొడిగి, బిగువు కోసం గంజి పెట్టి, ఎండలో ఎక్కడ ఆరబెట్టామనుకున్నారు? మిరపకాయల కల్లంలో. తడి గంజికి కారం దుమ్మంతా అంటుకుంది. వంగి చూసిన జడ్జి తుమ్మిన తుమ్ముకి విమానం ఎగరలేదు గానీ ఆయన కళ్ళజోడు ఎగిరిపడింది.

ఆ రోజే మాకు చెడింది. విమానం పక్కన పెట్టిన కార్డు మీద ఆయన పేరొక్కటే ఉంది. అది హెడ్మాస్టరు రాయించిందని తెలిసినా నాకు ఒళ్ళు మండింది. "గీత నాది, పేరు మీదా?" అన్నాను పదిమందిలో. ఆ తర్వాత ఆరేళ్ళు, రిటైరయ్యాక కూడా, ఆయనతో మాట్లాడలేదు. ఎదురుపడితే నమస్కారం ఆయనే పెట్టేవారు.

పోయిన నెల మా చేలోకే వచ్చారు. మనిషి చిక్కిపోయి చొక్కా వదులైంది.

"మాస్టారూ, అమెరికాలో రెండు విమానాల కంపెనీలుండేవండీ. విమానాన్ని పక్కకు ఒంచే కిటుకు మాదంటే మాదని ఏళ్ళ తరబడి కోర్టుల్లో కొట్టుకున్నాయి. చివరికి రెండూ కలిసిపోయి, రెండు పేర్లతో ఒకే బోర్డు కట్టుకున్నాయి. వాళ్ళకే లేని పౌరుషం బడిపంతుళ్ళం మనకెందుకండీ?" అని నవ్వారు. "ఇంకోటి చేస్తన్నాను. పై రెక్కకు గుడ్డేశాను. కిందది మీరొచ్చి వెయ్యాలి. ఆదివారం, చర్చి అయినాక రండి."

"కోతలండీ, చూస్తాను" అన్నాను. నాలుగు ఆదివారాలు అదే మాటతో గడిచిపోయాయి.

భూస్థాపన అయ్యాక ఆయన భార్య విమానం తెచ్చి నా చేతుల్లో పెట్టారు. "తీసుకెళ్ళండి మాస్టారూ. మీరొస్తారని రోజూ దీని దుమ్ము దులిపేవారండీ."

కింది రెక్క ఉత్త వెదురు బద్దలు. ఆయన నాలుగు ఆదివారాలు టైమిచ్చినా, తప్పు నాదేనండీ అని ఒక్క ఆదివారమూ వెళ్ళి చెప్పలేకపోయాను.

ఆటోలో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఊరు దాటి ఆటో వేగం అందుకోగానే గాలి పై రెక్క కిందికి దూరింది. విమానం ఒళ్ళోంచి పైకి లేచింది. రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను.

"ఆపమంటారా సార్?" అన్నాడు డ్రైవరు.

వద్దన్నాను. అది నా చేతుల్ని పైకి లాగుతూనే ఉంది.