విప్పిన చీరలు

ఏలూరులో నాగభూషణరావు గారి బట్టల కొట్టులో లక్ష్మీదుర్గ పొద్దుటినుంచీ నిలబడే ఉంటుంది. ఎవరెన్ని చీరలు విప్పించినా విసుక్కోదు. కొట్టు కట్టేసే వేళకి ఆ గుట్టంతా మడిచి అరల్లో సర్దాకే ఇంటికెళ్తుంది. దసరా నుంచి జీతం పెంచుతానని ఆయనే అన్నారు. ఆ మాట నమ్మి కూతుర్ని ట్యూషన్‌లో చేర్పించింది. దీపావళి కూడా వెళ్ళిపోయాక, నాలుగు మాటలు కూడదీసుకుని అడిగింది. "జీతం సంగతి మీరన్నారు కదండీ..." "మా ఇంటి పిల్లలాంటిదానివి, నీకు చెయ్యనా అమ్మా? ఉగాదికి చూద్దాం," అన్నారాయన మెత్తగా. "అలాగేనండీ," అంది. ఎప్పుడూ అంతే అంటుంది.

ఆ సాయంత్రం మాత్రం గుట్టని గుట్టలాగే వదిలేసి, చెప్పులేసుకుని మెట్లు దిగిపోయింది. ఎవరూ వెనక్కి పిలవలేదు. ఆటోలో జేరబడ్డాక చూసుకుంటే, చేతులు తన పైటచెంగునే అంచుకి అంచు కలిపి మడతపెడుతున్నాయి.