కాలరక్క ఎడమ భుజం

ఆ కుట్టు ఫ్యాక్టరీలో ఎవరినీ పేరు పెట్టి పిలవరు. ఎవరు చొక్కాలో ఏ ముక్క కుడితే అదే వాళ్ల పేరు. కాలర్లు కుట్టే ఆవిడ కాలరక్క. ఆవిడ వెనక మిషన్ మీద జేబులు వేసేది జేబుల వదిన. ఆ వెనక కఫ్‌ల పిన్ని, ఇంకా వెనక గుండీల చెల్లి. "మేమంతా వరసలో కూర్చుంటే ఒక చొక్కా. ఒకరికి జ్వరం వస్తే ఆ పూట చొక్కాకి ఏదో ఒకటి ఊడుతుంది" అని కాలరక్క నవ్వేది.

నేను కాలరక్క వాళ్లింటి మెట్ల పక్క గదిలో ఉండేదాన్ని. పని నుంచి వచ్చాక ఆవిడ రెండో మెట్టు మీద కూర్చుని, మడమలు నొక్కుకుంటూ కబుర్లు చెప్పేది. పెళ్లయిన కొత్తలో మొగుడి చొక్కా కాలర్ అరిగిపోతే విప్పి, తిరగేసి, కొత్తదానిలా కుట్టిందట. వ్యాను నడిపే ఆ మనిషి మర్నాడు అది వేసుకుని వెళ్లి, "కొత్త చొక్కా కొన్నా" అని అందరికీ కోతలు కోశాడట. ఆయన పోయాక ఆ కాలర్ పనే ఆవిడకు బతుకుతెరువైంది.

కాలర్‌లో కష్టమంతా మొన దగ్గరే. సూది అక్కడ ఆగాలి, బట్ట తిరగాలి, మళ్లీ సూది కదలాలి. ఆ తిరిగే క్షణంలో కాలరక్క ఎడమ భుజం పైకి లేస్తుంది. ఎప్పటినుంచి లేస్తోందో తెలియదు. అసలు లేస్తుందన్న సంగతే ఆవిడకు తెలియదు. జేబుల వదినకు మాత్రం తెలుసు. ముందున్న భుజం లేచిందంటే ముక్క వస్తున్నట్టే, ఆవిడ చెయ్యి దానంతటదే ముందుకి చాచుకునేది. మిషన్లన్నీ బస్సు సీట్లలా ఒకదాని వెనక ఒకటి. ముఖాలు చూసుకునేది భోజనాల వేళే. మిగతా రోజంతా ముందున్న మనిషి వీపే లోకం.

ఆ వీపులన్నిటినీ వెనక నుంచి చూస్తూ తిరిగే మనిషి ఒకాయన ఉన్నాడు. సూపర్వైజరు. నడక మెత్తన, మాట మెత్తన. అందుకే దూది సారు. బుగ్గలో ఎప్పుడూ ఒక దగ్గు బిళ్ల. ఎవరి మీదా అరిచి ఎరగడు. "అరిచేవాడైతే బాగుండేదమ్మా, ఎటునుంచి వస్తున్నాడో తెలిసేది" అనేది జేబుల వదిన.

ఆ హాలుకి వెనక వైపు ఒక ఇనప తలుపుంది. అవతల కిందికి దిగే మెట్లు. బట్ట దొంగతనంగా బయటికి పోతోందని, పని మొదలవగానే దానికి అవతలి నుంచి తాళం వేసేవారు. ఒకరోజు ఇస్త్రీ బల్లల దగ్గర పొగ లేచింది. ముందు దారి పొగలో ఉంది. అందరూ వెనక తలుపు మీద పడ్డారు. అందరికన్నా ముందు చేరింది కాలరక్క. అరచేతులతో బాదింది. వెనక నుంచి అందరూ తోస్తుంటే ఆవిడ చెంప ఆ ఇనుముకి అతుక్కుపోయింది. తాళం వేసే మనిషి టీకి వెళ్లాడు. అదృష్టం బాగుండి పొగ దానంతటదే తగ్గింది.

"ఏం కాలేదు కదా, కూర్చోండమ్మా" అని దూది సారు అందరికీ తన చేత్తోనే మంచినీళ్లు ఇచ్చాడు. మర్నాడు మళ్లీ తాళం పడింది. ఆ రోజు నుంచి, పొద్దున్నే ఆ టక్కుమనే చప్పుడు వినగానే కాలరక్కకు మెడ వెనక చల్లబడిపోయేది.

ఆవిడ చెల్లెలి కూతురు ఆవిడ గదిలోనే ఉండి కాలేజీలో చదువుకుంటోంది. ఒకనాడు ఆ పిల్ల ఎగురుకుంటూ వచ్చింది. సామాజిక న్యాయం, మానవ హక్కుల మీద షార్ట్ ఫిల్ముల పోటీ పెట్టారట.

"అన్యాయం జరిగిన వాళ్లెవరైనా దొరికితే తీస్తా పెద్దమ్మా."

"ఊరంతా వెతుకుతావేంటే? నీకు చారు పోస్తున్నది ఎవరనుకున్నావ్?"

అలా నవ్వులాటగా మొదలైంది. కానీ తలుపు సంగతి చెప్తుంటే ఆ పిల్ల ముఖం మారిపోయింది. కాలరక్క కూడా భయపడింది. ఈ పని పోతే ఇంకో ఫ్యాక్టరీ గేటు దాటనివ్వరు. సూపర్వైజర్లంతా ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటారు. చేతిలో పని లేకపోతే ఈ పిల్ల చదువూ ఆగిపోతుంది.

"ముఖం చూపించను పెద్దమ్మా. గొంతు మార్చేస్తా. ఇంట్లో మిషన్ మీద కుడుతూ మాట్లాడు, నేను వెనక నుంచి తీస్తా. దేవుడు కూడా గుర్తుపట్టడు."

తీసింది. ఫోన్లో చూపించింది. కాలరక్క కళ్లు చికిలించి చూసింది.

"ఎవరే ఈవిడ? ఇంతలా వంగిపోయింది పాపం!"

"నువ్వే!"

"ఛ, నా వీపు ఇలా ఉంటుందా?" ఆవిడ మళ్లీ చూసింది. నిజంగానే పోల్చుకోలేకపోయింది. తనకే తెలియనిది ఇంకెవరికి తెలుస్తుందిలే అనుకుని, పంపించమంది.

సినిమా చివరి విడతకు ఎంపికైంది. పోటీ వాళ్లు ప్రతి సినిమాలోంచీ ఒక చిన్న ముక్క కత్తిరించి ఫోన్లలో వదిలారు. అది తిరిగి తిరిగి ఫ్యాక్టరీ భోజనాల బల్ల దగ్గరికొచ్చింది. గుండీల చెల్లి ఫోన్ పట్టుకుంటే అందరూ మూగారు. తెర మీద ఒక వీపు, ఒక మిషన్. "ఎవరో మనలాంటిదేనర్రా" అంది కఫ్‌ల పిన్ని. అంతలో ఆ వీపు మొన దగ్గర ఆగింది. ఎడమ భుజం లేచింది.

జేబుల వదిన చెయ్యి దానంతటదే ముందుకి చాచుకుంది.

వదిన ఆ చేతిని మెల్లగా వెనక్కి తీసుకుని, ఫోన్‌ను బల్ల మీద బోర్లించింది. ఆ పూట మజ్జిగ బాగుందన్నారు, ఎండ ఎక్కువన్నారు. కాలరక్క గిన్నె కడగబోతే, "మీరుండండక్కా" అని గుండీల చెల్లి లాక్కుంది. ఎప్పుడూ అలా చేసే పిల్ల కాదు. ఒంట్లో బాగోలేని మనిషితో నడుచుకున్నట్టు నడుచుకుంటున్నారు అందరూ.

చేతులు కడుక్కునే చోట వదిన చెవిలో చెప్పింది. "భుజం అక్కా. నీ భుజం. నేను రోజూ చూసేది అదే."

"ఇంకెవరికైనా తెలుస్తుందా?"

"రోజూ వెనక నుంచి చూసేవాళ్లకి తెలుస్తుంది."

ఆ మధ్యాహ్నం కాలరక్క భుజాన్ని బిగబట్టి కుట్టింది. మొనలు మొద్దుబారాయి. విప్పింది, మళ్లీ కుట్టింది. వెనక జేబుల దగ్గర పని ఆగింది, ఆ వెనక కఫ్‌లు ఆగాయి. వరస మొత్తం తడబడింది. అప్పుడు దగ్గు బిళ్ల వాసన వచ్చింది.

"ఏంటక్కా, ఇవాళ కాలర్లు అలిగినట్టున్నాయి?"

"ఏం లేదు సార్. సూది మొండికేసింది."

"సూదేనా?" కాసేపు అక్కడే నిలబడ్డాడు. "ఎడమ భుజం జాగ్రత్తక్కా. ఈ వయసులో పట్టేసిందంటే వదలదు."

ఆ సాయంత్రం మెట్టు మీద పెద్దమ్మా పిల్లా ఇద్దరూ కూర్చున్నారు. పిల్ల ఏడ్చి ఏడ్చి ఉంది. "వెనక్కి తీసేసుకుంటా పెద్దమ్మా. పోటీ వాళ్లకి ఫోన్ చేస్తే చాలు."

"తీసేస్తే ఆయన మర్చిపోతాడా?"

"మర్చిపోడేమో."

"మరి తలుపు?"

కాలరక్క తన అరచేతులు తిప్పి చూసుకుంది. "ఉండనీలేవే. ఎలాగూ వీపు తెలిసిపోయింది."

ఆదివారం మధ్యాహ్నం సినిమాలు వేశారు. చిన్న హాలు, మెత్తటి కుర్చీలు, చల్లటి గాలి. పిల్ల ముందు వరసలో పోటీ పిల్లలతో కూర్చుంది. కాలరక్క మధ్యలో ఒక కుర్చీ చూసుకుంది. దీపాలు ఆరాయి. తెర మీద తన వీపు గోడంత అయింది. మొన దగ్గర భుజం లేచింది. సరిగ్గా అప్పుడే ఆ వాసన. దగ్గరగా, మెడ మీదికి.

"బాగా వచ్చిందక్కా" అంది వెనక వరసలోంచి మెత్తటి గొంతు. "దగ్గరుండి చూస్తున్నట్టే ఉంది."

ఆవిడ తల తిప్పలేదు. దీపాలు వెలిగాక తిప్పితే కుర్చీ ఖాళీ. సినిమాకు రెండో బహుమతి వచ్చింది. ఈ సంగతి కార్మిక శాఖకు రాస్తామని వేదిక మీద పెద్దలు అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. కాలరక్క కూడా కొట్టిందట, ఎవరికోసమో కొట్టినట్టు.

తర్వాత కొద్దిరోజులకే, ఒక ఉదయం పనికి వెళ్లేసరికి వెనక తలుపుకి ఆకుపచ్చ రంగు వేసి ఉంది. పైన 'అత్యవసర ద్వారం' అని రాశారు. అవతలి తాళం తీసేసి, ఇవతలి వైపు మెరిసే కొత్త తాళం పెట్టారు. కాలరక్క మిషన్ ఎప్పటి చోట లేదు. వరసలన్నిటి వెనక, ఆ తలుపును ఆనుకుని వేశారు.

దూది సారు అందర్నీ లేవమన్నాడు. "మన కాలరక్కకి తలుపంటే చాలా బెంగ. అందుకే తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంటుంది. నిప్పు లేచినా, బట్ట పోయినా, ఇక ఆవిడే జవాబు చెప్తుంది." తాళంచెవిని రెండు చేతులతో అందించాడు. అక్కడక్కడా చప్పట్లు పడ్డాయి. జేబుల వదిన మాత్రం కొట్టలేదు.

కాలరక్క దాన్ని పుస్తెలా మెడలో కట్టుకుంది. వెనక ఇప్పుడెవరూ లేరు. భుజం తన ఇష్టం వచ్చినట్టు లేవొచ్చు. అయినా మొనలు కుదరలేదు. భోజనాలకు కాస్త ముందు ఆవిడ లేచి, తాళంచెవిని తాళంలో పెట్టింది. లోపలికి వెళ్లింది. తిరగలేదు. తీసి, బట్టతో తుడిచి, మళ్లీ పెట్టింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. అది ఆ తాళానిది కాదు.

ఇస్త్రీ బల్లల వైపు నుంచి ఆవిరి బుసలు కొడుతోంది. వరసలన్నీ అటు తిరిగి ఉన్నాయి. అన్నీ వీపులే. ఏమీ ఎరగనట్టు మళ్లీ కూర్చోవచ్చు. రేపెప్పుడైనా నిప్పు లేస్తే, తాళంచెవి ఉండి కూడా తెరవలేదని తన పేరే చెప్తారు. చెప్పడానికి ఎవరైనా మిగిలితే.

ఆవిడ హాలు వైపు తిరిగి నిలబడింది.

"వదినా!" అంది. ఈసారి మార్చని గొంతు. "వదినా, ఇటు చూడు. ఈ తాళంచెవి ఈ తాళానికి పట్టట్లేదు!"

జేబుల వదిన మిషన్ ఆగింది. తర్వాత కఫ్‌లు ఆగాయి, గుండీలు ఆగాయి. ఒక్కొక్క వీపూ తిరిగింది. పని గంటల్లో ఆవిడ ముఖం వాళ్లు చూడటం అదే మొదటిసారి. ఆ హాలు అంత నిశ్శబ్దంగా ఉండటం కూడా. అందరూ తాళంచెవినే చూస్తున్నారు.

అడుగుల చప్పుడు లేదు. దగ్గు బిళ్ల వాసన మాత్రం వరసల మధ్య నుంచి మెల్లగా దగ్గరికొస్తోంది. కాలరక్క ఈసారి ఎదురుగా నిలబడే ఉంది, చెయ్యి పైకెత్తి, అందరికన్నా దూరంగా ఉన్నవాళ్లకి కూడా తాళంచెవి కనపడేలా.