రాతికి కట్టిన మొక్క

మీ నాన్నకి బదిలీ అయి మీరు పుణె వెళ్లిపోయిన రోజు, చేపల తొట్టి మాత్రం రాయపూర్‌లో మా ఇంట్లోనే ఉండిపోయింది. నీళ్లతో, చేపలతో దాన్ని రైలెక్కించడం ఎవరి తరం? చిన్నదానివి నువ్వు తొట్టి గాజుకి చెంప ఆనించి నిలబడ్డావు. అన్నయ్య మాత్రం పెద్దమనిషిలా నాకు అప్పగింతలు పెట్టాడు.

"అమ్మమ్మా, ఈ ఫెర్న్ మొక్క మాది. వేసవి సెలవుల్లో వచ్చి ఓ ముక్క తీసుకెళ్తాం. అక్కడి కొత్త తొట్టిలో పెట్టుకుంటాం. పక్కా చూసుకుంటావు కదా?"

"పక్కా" అన్నాను. చేపలంటే భయం గానీ, మొక్కలంటే నాకేం భయం?

ఆ ఫెర్న్ మీకు గుర్తుందిగా. పొడుగాటి ముదురాకుపచ్చ ఆకులు, కింద అడ్డంగా పసుపు కొమ్ములాంటి దుంప. మీరు దాన్ని ఓ కొయ్యముక్క సందులో ఇరికించి వెళ్లారు. ఒకరోజు నీళ్లు మారుస్తుంటే అది ఊడి పైకి తేలింది. పాపం, దీనికి మట్టే లేదు, అందుకే నిలవడం లేదనుకున్నాను. మా అమ్మ పసుపు నాటినట్టే దుంపని మూడు ముక్కలుగా విరిచి, తొట్టి అడుగున ఉన్న గులకరాళ్లలో లోతుగా పాతేశాను. ఒక్కటడిగితే మూడిస్తానని మీకు ఫోన్లో గొప్పలు కూడా చెప్పాను.

మీ తాతయ్య పేపరు పక్కన పెట్టి వచ్చి చూశారు.

"ఏటే, అల్లం పాతినట్టు పాతేసేవు! రేపు టీలో దంచి ఏస్తావేటి?"

"మీ పేపరు మీరు చదువుకోండి" అన్నాను.

కొన్నాళ్లకి ఆకులు పసుపెక్కాయి. వెనకవైపు వరసగా నల్లటి చుక్కలు. తెగులనుకుని ఆ ఆకులన్నీ కత్తిరించి పెరట్లో సిమెంటు తొట్టిలో పడేశాను. చేపల నీళ్లు మార్చినప్పుడల్లా పాత నీళ్లు అందులోనే పోస్తాం, కొత్తిమీర కుండీలకి మంచివని. మరో మూడు వారాలకి ఒక దుంపని పైకి లాగితే, మగ్గిపోయిన అరటిపండులా చేతిలో చితికిపోయింది. మిగతా రెండూ అంతే.

ఆ ఆదివారం వీడియో కాల్‌లో మీరు ఫెర్న్ చూపించమన్నారు. వెలుతురు సరిగ్గా లేదని చెప్పి ఫోను చేపల వైపు తిప్పాను. ఆ పూట నాకు అన్నం దిగలేదు. మీ దగ్గర అబద్ధమాడటం నాకదే మొదలు.

మర్నాడు ఆటో ఎక్కి చేపల దుకాణానికి వెళ్లాను. దుకాణం అతను సంగతంతా విని నవ్వాడు.

"గాడ్ దియా క్యా, మాతాజీ? పాతేశారా? పాతేస్తే కుళ్లిపోదా మరి? దాని దుంప నీళ్లలో పైకే ఉండాలి. పత్థర్ పే బాంధో."

రాతికి కట్టాలట! పోనీ అలాంటి మొక్క ఇంకోటి ఇమ్మంటే, ఎండాకాలం సరుకు రాదన్నాడు. నేను లేచి బయల్దేరుతుంటే వెనక్కి పిలిచాడు.

"మాతాజీ, ఆ చుక్కల ఆకులేం చేశారు? అది రోగం కాదు. అక్కడే పిల్లలొస్తాయి."

ఇంటికెలా వచ్చానో నాకే తెలీదు. పెరట్లోకి వెళ్లేసరికి మీ తాతయ్య మగ్గు పట్టుకుని సిమెంటు తొట్టి మీదికి వంగి ఉన్నారు.

"ఆగండి! ముంచకండి!"

ఆయన మగ్గు వదిలేసి ఎగిరి గంతేశారు. "ఏటయిందే? పామా?"

నేను కొంగు దోపుకుని మోచేతుల దాకా చేతులు పెట్టి వెతికాను. ఆకులు సగం గోధుమరంగుకి తిరిగిపోయాయి. కానీ ఒక్కో చుక్క దగ్గరా జీలకర్రంత ఆకులు, వెంట్రుకల్లాంటి వేళ్లు! ఆ నాచునీళ్ల పక్కనే కూలబడిపోయాను. గుండెల మీంచి బండ దించినట్టయింది.

విరిగిపోయిన సన్నికల్లు ముక్క ఒకటి కడిగి తెచ్చి, ఆ ఆకుల్ని పిల్లలతో సహా పూలు కట్టే దారంతో దానికి కట్టి చేపల తొట్టిలో దించాను. ఈసారి దేన్నీ పాతలేదు.

తర్వాతి ఆదివారం మీకు అంతా చెప్పేసి, రాయి చూపించాను. మీరిద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వారు.

"అమ్మమ్మా, నువ్వు చేపల్నే చూపించినప్పుడే మాకు డౌటొచ్చింది. అడిగితే ఏడుస్తావేమోనని ఊరుకున్నాం" అన్నావు చిన్నదానా.

ఆ మధ్యాహ్నం పప్పు మారడిగి మరీ తిన్నాను.

సెలవులకి వచ్చి మీరు మీ ముక్క తడిగుడ్డలో చుట్టి తీసుకెళ్లారు. రాయి నా దగ్గరే ఉంది. మీ తాతయ్య మాత్రం ఇప్పటికీ కుండీలకి నీళ్లు తీసే ముందు వంటింటి వైపు తిరిగి అడుగుతారు:

"ముంచమంటావేటే?"