పట్టీ విప్పినా ఖాళీ కాని పెట్టె

ఇంగ్లండులో యార్క్‌షైర్ బీళ్లలోని థోర్న్‌బీ భవనంలో దొరగారి చిన్నపిల్ల ఆగస్టాకు చదువు చెప్పే మిస్ పెల్హామ్ కుదురుగా కూర్చోగా ఎవరూ చూడలేదు. వచ్చి ఆరేళ్లయినా తోలుపెట్టె ఖాళీ చేయలేదు. రోజూ పొద్దున్నే పట్టీ విప్పి, ఒక తెల్ల కాలరు తీసుకుని, మళ్లీ బిగించేస్తుంది. దొరల మెట్లెక్కితే పైన ముఖాలు ముడుచుకుంటాయి, పనివాళ్ల మెట్లు దిగితే కింద కబుర్లు ఆగిపోతాయి. "పైకో కిందికో తేల్చుకోండి పంతులమ్మగారూ, ఈలోపు మాంసం చల్లారిపోతోంది," అంటుంది వంటావిడ. ఆ ఇంట్లో గడియారాలన్నీ దొరసాని చనిపోయిన నిమిషం దగ్గరే దొర ఆపించేశాడు. నడిచేది మిస్ పెల్హామ్ మెడలోని గొలుసు గడియారం ఒక్కటే. మొన్న మధ్యాహ్నం దొర ఆమెకు ఎదురై, "ఆ టిక్కుటిక్కు నేను వినలేను. ఆపేయండి," అన్నాడు.

ఆమె తిన్నగా తన గదిలోకి వెళ్లి, ప్రయాణానికి టోపీ పెట్టుకుని, పెట్టె తెరిచింది. కాలర్ల మీద పొద్దున లేని చిన్న గౌను, మేజోళ్లు, చెవి ఊడిన గుడ్డ కుందేలు ఉన్నాయి. గుమ్మంలో ఆగస్టా నిలబడి ఉంది. "మీరు ఎప్పుడో వెళ్లిపోతారని తెలుసు మిస్. తొందరలో నన్ను మర్చిపోతారేమోనని ముందే సర్దేశాను." మిస్ పెల్హామ్ టోపీ తీసేసింది. గడియారానికి నిండుగా కీ ఇచ్చి పిల్ల మెడలో వేసింది. పెట్టెలోంచి మాత్రం ఏదీ తీయలేదు. మూత వేసి, పిల్ల సామాను కూడా పట్టేలా పట్టీని రెండు కన్నాలు వదులుగా బిగించింది.