బిల్లుతో సహా దొరికిన సీసా

మా అమ్మ పేరు ఉరుకుందమ్మ. హొళగుందకు ఈవల ఉన్న మా ఊరి నుంచి ఎనిమిది మంది ఆడవాళ్లు ప్రతి ఏడూ కోతల కాలంలో కర్ణాటకకు ద్రాక్ష కోయడానికి వెళతారు. గంగావతి దాటాక రాళ్ల గుట్టల పక్కన ఉంది ఆ తోట. తినే ద్రాక్ష కాదు, వైన్ చేసే ద్రాక్ష. చిన్న కాయ, మందం తోలు, నోట్లో వేసుకుంటే సగం గింజలే. ఆ ముఠాకు పెద్ద రామక్కవ్వ. పదకొండేళ్లు కోసింది. ఈ ఏడు మోకాళ్లు పట్టేసి, ఇక రాలేనని చెప్పేసింది. చెప్పేటప్పుడు ఒక్కటే అడిగింది. "పదకొండేండ్లు కోస్తి. అది యెట్లుంటాదో ఒక్క గుక్క నోట్లో పోసుకోనన్నా పోసుకోకపోతి. యాడన్నా దొరికితే తెచ్చియ్యండి మే." ఆ ఒక్క గుక్క కోసమే ఈ ప్రయాణం.

నేను ఆదోనిలో పత్తి మిల్లులో బేళ్లు మోస్తాను. దొరకడం ఏం కష్టం అనుకున్నాను. మా మిల్లు గేటుకు ఎదురుగానే షాపు, పైన 'వైన్స్' అని పెద్ద బోర్డు. వెళ్లి రెడ్ వైన్ అడిగితే కౌంటర్లో ఉన్నతను నన్ను కింది నుంచి పైకి చూసి, "వైన్ యాడిదప్పా? క్వార్టర్ తాగి పండుకో పో" అన్నాడు. వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. ఆదోనిలో ఇంకో మూడు షాపులు తిరిగాను. ఆదివారం ఎమ్మిగనూరు వెళ్లాను. అక్కడొకతను అటక మీది నుంచి దుమ్ము పట్టిన సీసా ఒకటి దించాడు. అది వేరే తోటది, ఎక్కడో దూరం రాష్ట్రానిది. రామక్కవ్వ చేతి కాయ కాదు. అక్కడే కొరియర్ ఆఫీసులో అడిగాను, గంగావతి నుంచి ఒక సీసా తెప్పించొచ్చా అని. "మందా? అన్నా, నేను కొత్తగా పెండ్లి చేసుకున్నా, నన్ను జైలుకు పంపొద్దు" అన్నాడు ఆ కుర్రోడు. చివరికి తోటకే ఫోన్ చేశాను. ఇక్కడికొచ్చి కొనుక్కోవచ్చు, ఇంటికి పంపడానికి మాత్రం పర్మిషన్ లేదు అన్నారు. సరే, మనమే వెళదాం అన్నాను. మిల్లుకు ఇంకా కొత్త పత్తి రాని రోజులు, సెలవు సులభంగా దొరికింది.

ఆదోని బస్టాండులో ఉదయం ఆరింటికి హొళగుంద బస్సు ఎక్కాను. మా ఊరి దగ్గర అమ్మ ఎక్కింది. చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా, తల మీద తెల్ల తువ్వాలు. కోతకు పోయేటప్పుడు తలకు చుట్టుకునేది అదే. ఆధార్ చూపిస్తే మన బస్సులో ఆడవాళ్లకు టికెట్టు సున్నా. ఏడున్నర లోపల హొళగుందలో దిగాం. అక్కడ సిరుగుప్పకు పోయే కర్ణాటక బస్సు ఎక్కగానే ఆ సున్నా అయిపోయింది. అక్కడా ఆడవాళ్లకు ఉచితమే, కానీ వాళ్ల రాష్ట్రం ఆడవాళ్లకు. అమ్మ ఆధార్ చూసి కండక్టరు, "ఆంధ్రాదమ్మా ఇది, దుడ్డు కొడు" అని డబ్బులకు చెయ్యి చాచాడు. అమ్మకు కోపం రాలేదు. "బస్సెక్కిన ప్రతిసారీ ఇదే కత. గీత ఈ పక్కన నేను ఆడదాన్ని, ఆ పక్కన కాదు" అని చీర కొంగులో ముడి విప్పింది. సిరుగుప్పలో ఇడ్లీ తిని గంగావతి బస్సు పట్టుకుంటే రెండు గంటలు. పొడవునా వరి మళ్లు, తుంగభద్ర కాలువలు. గంగావతి నుంచి షేర్ ఆటోకు మనిషికి నలభై. తోట గేటు దగ్గర దిగేసరికి పన్నెండు కొట్టింది. మీరు వెళితే శని, ఆదివారాలు వద్దు. బెంగళూరు కార్లు వరసగా నిలబడి ఉంటాయట.

గేటు కాపలాదారు అమ్మను గుర్తుపట్టాడు. "ఏనమ్మా, ఈగ కెలస ఇల్లల్లా" అన్నాడు, ఇప్పుడు పనేం లేదు కదా అని. "కెలసక్కల్ల, కొళ్లక్కె బందీని" అంది అమ్మ, పనికి కాదు, కొనడానికి వచ్చానని. అతను నమ్మలేక నా వైపు చూశాడు. కూలోళ్ల గేటు వెనకాల ఉంది, అతని చూపుడు వేలు అటే పోయింది. నేను ముందు గేటు గొళ్లెం మీదే చెయ్యి పెట్టి నిలబడ్డాను. కొంచెం సేపయ్యాక తీశాడు.

లోపల చల్లని గది. రుచి చూడాలంటే ఐదు రకాలకు మనిషికి ఆరు వందలు, సీసా తీసుకుంటే తొమ్మిది వందల ఎనభై. రెండూ అయ్యే పని కాదు కాబట్టి సీసానే అన్నాను. కౌంటర్లో అమ్మాయి మంచిదే. కొనేవాళ్లందరికీ చెప్పే పాఠం మాకూ చెప్పింది. "మా ద్రాక్షను సూర్యుడు రాకముందే, చల్లగా ఉన్నప్పుడే కోస్తాం మేడం. ఒక్కో గుత్తి చేత్తోనే." అమ్మ బుద్ధిగా తల ఊపుతూ విన్నది. అయ్యాక, "అవునమ్మా, మూడు గంటలకే లేపుతారు. మంచుకు వేళ్లు కొంకర్లు పోతాయి" అంది. ఆ అమ్మాయి పాఠం అక్కడ ఆగిపోయింది.

గోడ మీద పెద్ద ఫోటో ఉంది. గుత్తిని పట్టుకున్న రెండు చేతులు, ముఖం లేదు. అమ్మ దాని దగ్గరికి పోయి చాలాసేపు చూసింది. "ఒరే, ఈ వేలు చూడు. కత్తెర పడి వంకరపోయింది. రామక్కవ్వ చెయ్యి ఇది." కౌంటర్లో అమ్మాయి కూడా వచ్చి చూసింది. ఆ ఫోటో కింద రోజూ నిలబడి అమ్ముతుందట, ఎవరి చేతులో ఎప్పుడూ అడగలేదట. పాపం, అరగ్లాసు పోసి "మీకు ఊరికే, తాగండి మేడం" అని ఇచ్చింది. అమ్మ తీసుకోలేదు. "ముందు అవ్వ నోట్లో పడనీలే తల్లీ. ఆమెకన్నా ముందు నేను తాగితే బాగుండదు." సీసా మీద ఏడాది చదివి చెప్పమంది. చెప్పాను. "ఓ, ఆ యేడా. వాన పడి సగం కుళ్లిపాయె. ఏరి ఏరి కోస్తిమి" అంది, ఎవరి పిల్లనో గుర్తుపట్టినట్టు.

ఆంధ్రకు ఎందుకు పంపరు అని ఆ అమ్మాయినే అడిగాను. మన ఆంధ్రలో ఒక్క సీసా అమ్మాలన్నా లేబుల్ రిజిస్టర్ చేయించాలట, ఫీజు కట్టాలి, సర్కారు డిపోకు ఇవ్వాలి, డిపో నుంచి షాపుకు పోవాలి. చిన్న తోటకు అది గిట్టుబాటు కాదు. నేరుగా తాగే మనిషికి పంపే దారి అసలే లేదు. "బార్డర్ దగ్గర జాగ్రత్త సార్" అని కూడా చెప్పింది. నేను బిల్లు అడిగి తీసుకున్నాను. పన్ను ఎంతో విడిగా వేసిన బిల్లు. దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఎనిమిదో తరగతితో బడి మానేసినా నేను కాగితాన్ని నమ్మే మనిషిని. మిల్లులో గేట్ పాస్ ఉంటే బేలు బయటికి పోతుంది, లేకుంటే పోదు. లోకమంతా అంతే అనుకున్నాను.

గంగావతి బస్టాండు వెనక ఒక అవ్వ జొన్నరొట్టె, గుత్తొంకాయ పెడుతుంది. మనిషికి డెబ్బై, కడుపు నిండుతుంది, తప్పకుండా వెళ్లండి. ఆమె మా సంచిలోంచి తొంగిచూస్తున్న సీసా మెడను చూసింది. "ఆంధ్రకా? ఈడనే కూసోని తాగి పోండప్పా" అంది, మా తెలుగులోనే. "బిల్లుంది అవ్వా" అన్నాను గొప్పగా. ఆమె ఇంకో రొట్టె వేసి ఊరుకుంది.

సాయంత్రం ఐదున్నరకు సిరుగుప్ప నుంచి హొళగుంద బస్సు. గీత దాటగానే రోడ్డుకు అడ్డంగా డ్రమ్ములు, ఒక రేకుల షెడ్డు. కానిస్టేబుల్ బస్సెక్కి అందరి సంచులూ పైపైన తట్టి చూస్తూ వచ్చాడు. మా దగ్గర కూడా అంతే, తట్టి వెళ్లిపోయేవాడు. "ఏముందప్పా సంచిలో?" అంటే బట్టలని చెప్పి ఉంటే అయిపోయేది. నేను జిప్పు తీసి, "వైన్ సార్. ఒకటే సీసా. బిల్లుంది" అన్నాను.

అతను బిల్లును వెనకా ముందూ చదివాడు. "తొమ్మిదొందల ఎనబయ్యా? దీనికి మన తట్టు తొమ్మిది క్వార్టర్లు వస్తాయి గదప్పా!" బస్సంతా నవ్వింది.

"దొంగది కాదు సార్. పన్ను కట్టినాను, ఈడ చూడండి."

"యాడ కట్టినావు?"

"కర్ణాటకలో."

"ఈడ?"

నేను బిల్లు మీద పన్ను వేసిన చోటునే మళ్లీ వేలితో చూపించాను.

"నీ బిల్లే చెప్తాంది గదప్పా, ఇది బయటి సరుకని. నువ్వు నోరు మూసుకోని ఉంటే నేనూ చూడకుండా పోతుంటి. ఇంతమంది ముందర కాగితం చేతికిచ్చినాక యెట్ల వదలాల, నువ్వే సెప్పు?"

కిందికి దింపారు. నేను రూలు మాట్లాడాను. ఏ చట్టం, ఎంతవరకు ఉండొచ్చు, రాసింది చూపించండి అన్నాను. నా గొంతు పెరిగింది, అతనిదీ పెరిగింది. అమ్మ నన్ను పక్కకు నెట్టి, "నువ్వు నోర్ముయ్ రా" అని తను మాట్లాడింది. రామక్కవ్వ సంగతి, మోకాళ్ల సంగతి, పదకొండేళ్ల సంగతి, అన్నీ చెప్పింది. అతను విన్నాడు. చెడ్డవాడేం కాదు. "అమ్మా, కేసు రాస్తే నీ కొడుకు కోర్టు చుట్టూ తిరగాల. నీ మొగం చూసి చెప్తాండా. ఆ పక్కన పారబోసి, సీసా ఈడ పెట్టి పోండి. అంతకన్నా నా చేతిలో లేదు." డ్రైవరు హారన్ కొడుతున్నాడు. సీసాకు మరమూత. తిప్పితే టక్కున ఊడివచ్చింది.

వంచబోతుంటే అమ్మ తల మీది తువ్వాలు తీసింది. నాలుగు మడతలు వేసి రెండు చేతులతో సీసా మూతి కింద పట్టింది. "పొయ్యి రా" అంది.

"ఏం చేస్తాండావమ్మా?" అన్నాడు కానిస్టేబుల్.

"నువ్వు పారబోయమంటివి, వాడు పోస్తాండాడు. గుడ్డ నాది."

అతను అటు తిరిగి వెనకాల వస్తున్న లారీ వైపు వెళ్లిపోయాడు. బస్సు మెట్ల మీద నిలబడిన కండక్టరు, "గుడ్డకు గూడా పర్మిట్ కావాల్నేమో అడుగు సార్" అని అరిచాడు. ఎవరూ గట్టిగా నవ్వలేదు. తువ్వాలు తాగినంత తాగింది, మిగిలింది ఎర్రగా మట్టిలోకి పోయింది. అమ్మ ఆ తడి గుడ్డను టిఫిన్ డబ్బాలో కుక్కి మూత బిగించింది. ఖాళీ సీసా డ్రమ్ము పక్కన పెట్టాను. అక్కడ అలాంటివి చాలానే ఉన్నాయి.

ఏడింటికి రామక్కవ్వ ఇంట్లో ఉన్నాం. మిగిలిన ఆడవాళ్లూ వచ్చారు. అమ్మ తువ్వాలును గ్లాసులోకి పిండింది. మూడు వేళ్ల ఎత్తు వచ్చింది, పైన కాస్త నురగ. అవ్వ వంకర వేలితో గ్లాసు పట్టుకుని వాసన చూసింది, ఒక గుక్క మింగింది, ముఖం చిట్లించింది.

"సబ్బు వాసనొస్తాంది మే."

"గుడ్డది లేవ్వా. వైన్ యెట్లుంది?"

అవ్వ ఇంకో చుక్క నాలుక మీద పెట్టుకుని చప్పరించింది. "పులుపు" అంది. "మన గంపలో ఉండంగనే బాగుండె." గ్లాసు పక్కామెకు ఇచ్చింది. ఒక్కొక్కరే పెదాలు తడుపుకున్నారు. అమ్మకు చివర వచ్చింది, అడుగున పీచు తప్ప ఏం లేదు.

నాకు ఆ కానిస్టేబుల్ మీద కోపం లేదు, ఉన్న కోపమంతా వేరే. తాగి చెడిపోకూడదని ఈ రూలు పెట్టి ఉంటే నేను దండం పెట్టేవాణ్ణి. కానీ వంద లోపల దొరికే క్వార్టరు తాగి మా మిల్లు గేటు దగ్గర పడిపోయిన ఇద్దరిని పోయిన నెలలోనే నేను భుజాన వేసుకుని ఇళ్లకు చేర్చాను. ఆ సరుకు డిపో మీదుగా వచ్చింది, దానికి ఏ అడ్డమూ లేదు. రామక్కవ్వ చేత్తో కోసిన కాయ మాత్రం ఆమె ఇంటికి రాకూడదు. కోతల కాలంలో మా తట్టు ఊర్ల ఆడవాళ్లను ఒక్కో జీపులో ఇరవై మందిని కుక్కి ఇదే రోడ్డు మీద గీత దాటిస్తారు. అప్పుడు డబ్బా తట్టి చూసేవాళ్లు కూడా ఉండరు. ఆమె చేతులు అటు పోవడానికి, ఫోటోలో గోడకెక్కడానికి ఏ పర్మిటూ అక్కర్లేదు. ఇంత తిరిగి, ఇంత రూలు మాట్లాడి, నేను సాధించింది ఒక తువ్వాలు పాడుచేయడం. ఆ మరక ఇంకా పోలేదు. అమ్మ దాన్నే చుట్టుకుని పత్తి కలుపుకు పోతోంది.

మీరు వెళ్లాలనుకుంటే ఒక్క మాట వినండి. సీసాను మనిషి దగ్గరికి తేవాలని చూడకండి, మనిషినే సీసా దగ్గరికి తీసుకెళ్లండి. హొళగుంద నుంచి కారు మాట్లాడితే రానూపోనూ మూడు వేలు అవుతుంది. మోకాళ్లు లేని మనిషి కూడా గేటు దాకా కూర్చునే పోవచ్చు. అక్కడే తాగి, కడుపులో పెట్టుకుని రావచ్చు. ఈ మాట నాకు గంగావతిలో రొట్టెలు పెట్టిన అవ్వ ముందే చెప్పింది. నేను బిల్లును నమ్మాను.