నల్ల పొగ కోసం

పాత డీజిల్ ఇంజన్ల మీద ప్రేమ ఒలకబోసేవాళ్ళను చూస్తే నాకు రోత. ఒకప్పుడు నేనూ వాళ్ళలో ఒకణ్ణే. రోత సగం అందుకే.

తొంభైల నడుమ మాట. భిలాయి ఉక్కు ఫ్యాక్టరీ యార్డులో వ్యాగన్లను అటూ ఇటూ సర్దే ఒక ముసలి డీజిల్ ఇంజను మీద మా నాన్న డ్రైవరు. రిటైర్మెంటుకి ఇంకా రెండు నెలలున్నాయి. నేను కాలేజీలో చదువుతూ, నెహ్రూ నగర్ నుంచి వచ్చే ముగ్గురు ఇంజన్ పిచ్చాళ్ళతో తిరిగేవాణ్ణి. ఆదివారం సుపేలా బజారులో సమోసాలు కట్టించుకుని, మెడలో కెమెరాలతో యార్డు కంచె దగ్గర వాలిపోయేవాళ్ళం. ఆ నూనె కంపుని కళ్ళు మూసుకుని మరీ పీల్చేవాళ్ళం. అదే కంపు వదలక నాన్న చొక్కాల్ని అమ్మ బండకేసి బాదుతుంటే మాత్రం నాకు చిరాకు. థూ!

ఆ ముగ్గురికీ అన్నిటికన్నా ఇష్టం నల్ల పొగ. ఫోటోలో ఇంజను పొగ కక్కాలి. మా నాన్నకి అది నామోషీ. వేగం పెంచే పిడిని ఆయన ఒక్కో మెట్టే జరిపి, ఇంజను అందుకునేదాకా ఆగి, మళ్ళీ జరిపేవాడు. తొందరపడి లాగితే డీజిల్ సరిగా మండక పొగవుతుంది, వెనక వ్యాగన్లు కుదుపు తింటాయి. ముప్పై ఏళ్ళలో తన ఇంజను అలా కక్కలేదని ఆయన గొప్ప. యార్డంతా ఒప్పుకునేది కూడా.

ఒక ఆదివారం నాన్న ఇంజను కంచె దగ్గరికి రాగానే "అంకుల్‌జీ, ఏక్ బార్ ధువా!" అని కంచె మీంచి అరిచారు. పొగ కావాలట. నాన్న తల అడ్డంగా ఊపాడు. వాళ్ళు నన్ను ముందుకి తోశారు.

"ఒక్కసారే నాన్నా. దోస్తుల ముందు నా పరువు పోతాది."

ఆయన నన్ను చూశాడు. పిడిని ఒక్క ఊపులో లాగేశాడు. పొగ యార్డుని కప్పేసింది. వ్యాగన్లు ధడధడమని కుదుపు తిన్నాయి. వాళ్ళు ఈలలేశారు, సిగ్గులేకుండా నేనూ వేశాను. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

పొగ ఫోర్‌మన్ కంటపడింది. మర్నాడే నాన్నని ఇంజను దింపి ఆఫీసులో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. 'పెద్దాయన చెయ్యి పోయింది, పట్టు తప్పింది' అన్న మాట క్వార్టర్లన్నీ తిరిగొచ్చింది. ఈ సంగతి ఆ ముగ్గురికీ చెబితే, "అరె యార్, ఫోటో తో మస్త్ ఆయా నా!" అన్నాడొకడు, ఫోటో అదిరింది కదా అని. వాడి మొహాన ఉమ్మెయ్యాలనిపించింది. ఉమ్మలేదు.

ఇంటికెళ్ళి నాన్ననడిగాను, నేనే చెయ్యమన్నానని ఆఫీసులో ఎందుకు చెప్పలేదని.

"ఏటి సెప్పమంతావురా?" అన్నాడు. "సెయ్యి పోనాదనుకుంతే ముసిలోడని జాలిపడతారు. కొడుకడిగితే పొగ తెప్పించీసినానని తెలిస్తే, ముప్పై ఏళ్ళూ నాను డ్రైవర్నే కానంతారు."