పులుపు కోసం వచ్చిన సారు

కోయిలకుంట్ల పక్కన ద్రాక్షతోట వేసిన మద్దిలేటికి మట్టిని నాలుక మీద వేసుకుని రుచి చూసే అలవాటు ఉంది. చూసి ఊరుకుంటాడా, తీర్పు కూడా చెబుతాడు. తొమ్మిదేళ్లుగా తోటలో ఎర్రమట్టి ఉన్న చెక్కను పొగుడుతూ, గట్టు కింద నాపరాళ్లు కలిసిన తెల్లమట్టిని తిట్టిపోస్తున్నాడు. ఆ తెల్లమట్టి చెక్కలో కాసేవన్నీ పుల్లకాయలే. మహాప్రభువు సొంత తోటలో కూడా పక్షపాతం చూపాడన్నమాట.

ఈమధ్య తీపికాయలు అడిగేవాళ్లూ తగ్గిపోయారు. "ఈసారి కాయలు కొనడానికొచ్చే వైను కంపెనీ సారు కూడా వద్దంటే తీగలు పీకించి మిరప పెడతా" అని భార్య మహేశ్వరి తేల్చి చెప్పింది. మద్దిలేటికి అన్నం సహించలేదు. ఆ తీగలంటే అతనికి ప్రాణం.

సారు రావడానికి నెల ముందే ఎర్రమట్టి కాయలకు ఎండ బాగా తగలాలని ఆకులన్నీ గిల్లేశాడు. తెల్లమట్టి చెక్క ఆయన కంట పడకూడదని, అప్పుడే పెట్టెలో చేతికందిన చీరలన్నీ తెచ్చి దానికి పడమటి వైపు అడ్డంగా కట్టాడు. "పాత చీరలేలే, అడవిపందులు రాకుండా కడతాండా" అని భార్యకు అబద్ధం చెప్పాడు.

జయకుమార్ సారు పొద్దున్నే వచ్చి ఎర్రమట్టి కాయ నోట్లో వేసుకున్నాడు.

"బెల్లం మాదిరి ఉండాది గదా సార్?" అన్నాడు మద్దిలేటి.

"అదే చిక్కు. మాది సోడాలా బుడగలొచ్చే వైను. ఎండ ఎక్కువైతే కాయలో పులుపు పోతుంది. పులుపు లేకుంటే వైను చప్పబడుతుంది."

సారు కారు వైపు నడిచాడు. మహేశ్వరి గబగబా గట్టు దిగి, అడ్డం కట్టిన ఒక చీర పైకెత్తింది.

"ఈడ శానా పుల్లగుంటాయి సార్, చూడండి."

సారు ఒక కాయ కొరికాడు. ఒళ్లు జలదరించింది. ఇంకోటి కొరికాడు.

"ఇవే కావాలి, మొత్తం తీసుకుంటాం. తెల్లమట్టి, దానికి తోడు మధ్యాహ్నం ఎండ తగలకుండా నీడ. ఎవరిదీ ఆలోచన?"

మద్దిలేటి మీసం మీదికి చెయ్యి పోనిచ్చి, మళ్లీ దించేశాడు. సిగ్గేసింది.

"ఆలోచనా లేదు, పాడూ లేదు సార్. ఈ పుల్లకాయలు మీకు కనపడకుండా చీరలు కట్టి దాసిపెట్టినా. మా మహేశ్వరి ఎత్తకపోతే నా తీగలు పొయ్యేవి. రైతు అని ఆమె పేరే రాసుకోండి."

మహేశ్వరి మెత్తబడింది. "తీగలు పీకనులే" అంది. అప్పుడు గానీ చేతిలో ఉన్న జరీ అంచు మీద ఆమె చూపు పడలేదు.

"ఏమయ్యా, ఇది నా పెండ్లి చీర గదా?"

మద్దిలేటి అప్పటికే గట్టు దాటి పరుగెత్తుతున్నాడు.